కంప్యూటర్ గేమ్‌లో సెక్షన్‌కి ట్రైనింగ్: ఆర్మీలో ట్రైనింగ్ ఇచ్చే కొత్త ఉస్తాదులకు నా పద్ధతి

సెక్షన్‌కి, అంటే జవాన్ల చిన్న దళానికి, గేమ్ ఆడిస్తే గురి కుదురుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మౌస్‌కి రైఫిల్ బరువు ఉండదు, పేల్చినప్పుడు వెనక్కి తన్నే రీకాయిల్ భుజానికి తగలదు. దానికి ఫైరింగ్ రేంజ్ ఉంది, అచ్చంగా అందుకే చేసిన వెపన్ సిమ్యులేటర్లూ ఉన్నాయి. గేమ్ నేర్పేది వేరు: మాట అందించడం, అందుకోవడం, టెన్షన్‌లో నిర్ణయం తీసుకోవడం. 1996లో అమెరికా మెరైన్లు డూమ్ 2 గేమ్‌లో రాక్షసుల్ని తీసేసి శత్రు సైనికుల్ని పెట్టుకున్నారు. నలుగురి ఫైర్ టీమ్‌కి కలిసి కదలడం నేర్పడమే అప్పుడు వాళ్ల ఉద్దేశం.

సైన్యాల కోసమే చేసిన వీబీఎస్ (వర్చువల్ బ్యాటిల్‌స్పేస్) మీకు దొరికితే సరే. లేకపోతే అందరూ ఆడుకునే ఆర్మా 3 గేమ్ చాలు, రెండింటి మూలాలూ 2001లో వచ్చిన ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్ గేమ్‌లోనే ఉన్నాయి. సర్వర్‌ని మీ గదిలోనే పెట్టుకోండి, బయటివాళ్ల సర్వర్ల జోలికి వెళ్లొద్దు. మీరు కాపలా కాసే పోస్టు, మీరు తిరిగే దారి పోలిన మ్యాప్ ఎట్టి పరిస్థితుల్లోనూ తయారు చేయకండి. గేమ్‌తో వచ్చే ఆల్టిస్ దీవి మన పనికి ధారాళంగా సరిపోతుంది.

ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి తెర మధ్య గురి గుర్తు తీసేయండి. వెనక నుంచి చూసే థర్డ్ పర్సన్ వ్యూ ఆపేయండి, లేదంటే గోడ చాటున దాక్కునే అవతల ఏముందో చూసేస్తారు. మ్యాప్ మీద మనవాళ్ల గుర్తులు కూడా కనిపించకూడదు. చచ్చినవాడు మళ్లీ పుట్టకూడదు, కుర్చీలోంచి లేచి వెనక గోడ దగ్గర నిలబడి చూడాలి. పబ్‌జీ ఆడి వచ్చిన కుర్రాళ్లకు ఇదే పెద్ద శిక్ష. మొదటి రోజు ఇష్టమొచ్చినట్టు పరుగెత్తి, రెండు నిమిషాల్లో సగం మంది గోడ దగ్గరికి చేరతారు. ఏమీ అనకండి, రెండోసారికి వాళ్లే పాకడం మొదలుపెడతారు.

కంప్యూటర్ ముందు కూర్చోబెట్టే ముందు శాండ్ మోడల్ (ఇసుకతో చేసిన నేల నమూనా) మీద ఆర్డర్లు ఇప్పించండి. ఒక్క పని చాలు: వాగు దాటి అవతలి ఇళ్లు తనిఖీ చేయడం. సెక్షన్ కమాండర్ ఎవరు, అతను పడితే ఎవరు, ఎల్‌ఎంజీ (లైట్ మెషిన్ గన్) ఎక్కడ అన్నది అక్కడే తేలాలి. హెడ్‌సెట్‌లో అందరికీ ఒకటే ఛానెల్. మీరు ఆట నడిపేవాడి కోసం ఉన్న జియస్ మోడ్‌లో పైనుంచి చూస్తూ, అంతా సజావుగా సాగుతోందనిపించినప్పుడు పక్క నుంచి ఇద్దరు శత్రువుల్ని దించండి. పదిమందిని దించితే వాళ్లు నేర్చుకునేదేమీ ఉండదు, చావు తప్ప.

అసలు పాఠం ఆట ఆగాక మొదలవుతుంది. తెరనూ గొంతులనూ కలిపి రికార్డు చేసుకోండి, ఆడిన సమయానికి రెట్టింపు మాటలకు పెట్టుకోండి. ఒకసారి ఎల్‌ఎంజీ కవర్ (కాల్పులతో అండ) ఇవ్వకుండా రైఫిల్‌మెన్ వెంటే వాగులోకి దిగిపోయింది. గన్నర్ తప్పేనని అందరూ అన్నారు. వెనక్కి తిప్పి వింటే, కమాండర్ ‘కవర్ దో’ అన్నప్పుడే ఇంకొకడు ఛానెల్ నొక్కి ‘ఇధర్ కోయీ నహీ’ (ఇటు ఎవరూ లేరు) అంటున్నాడు. ఆర్డర్ గన్నర్ చెవిన పడనే లేదు. అవతలి నుంచి జవాబు రాలేదని కమాండరూ పట్టించుకోలేదు. అక్కడ వీడియో ఆపి నేను అడిగేవి మూడే: ఏం జరగాలనుకున్నాం? ఏం జరిగింది? ఎందుకు? జవాబులు కుర్రాళ్ల నోట రావాలి, ముందుగా అందరికన్నా జూనియర్ చెప్పాలి. సీనియర్ నోరు విప్పాక వాడింక మాట్లాడడు.

వెంటనే అదే వాగు మళ్లీ దాటించండి, శత్రువుల చోటు మార్చి, గన్నర్‌నీ కమాండర్‌నీ ఒకరి కుర్చీలో ఒకరిని కూర్చోబెట్టి. మర్నాడు పొద్దున్నే నిజమైన నాలా దగ్గరికి, వీపున పిట్టూ సంచితో, చేతిలో వైర్‌లెస్ సెట్‌తో తీసుకెళ్లండి. ఆయాసపడుతూ కూడా ప్రతి ఆర్డర్‌కీ జవాబిస్తున్నారా లేదా అన్నదొక్కటే ఆ రోజు చూడండి.