ఋషికుల్య తాబేళ్ల జాడ తీయాలంటే విదేశీ అక్వేరియంలో ఏం చూడాలి, ఏం అడగాలి

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య నది మొగ దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంపులు గుంపులుగా గట్టెక్కి గుడ్లు పెట్టడం బరంపురం, ఛత్రపురం, గోపాలపురం వైపు తెలుగువారికి చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతే. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్లు అక్కడ గుడ్లు పెట్టినట్టు లెక్క తేలింది. గుడ్లు పెట్టి తిరిగి సముద్రంలోకి దిగిన తల్లి తాబేలు ఎటు పోతుందో తెలుసుకోవాలని ఉత్సాహపడే విద్యార్థులు, తీరంలో కాపలా కాసే యువకులు మన ప్రాంతంలో ఉన్నారు. చదువుకో, ఉద్యోగానికో, బంధువుల ఇంటికో విదేశం వెళ్లినప్పుడు అక్కడి అక్వేరియం చూసి, ఆ అనుభవంతో ఇక్కడ జాడ తీసే పని మొదలుపెట్టాలనుకునేవారికి ఈ సూచనలు ఉపయోగపడతాయి.

ప్రయాణానికి ముందే మన ప్రశ్న ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ఏ పరికరం కొనాలన్నది ఆ ప్రశ్నను బట్టే తేలుతుంది కాబట్టి, ఇది లేకుండా వెళితే అక్కడివారు చూపించిన ప్రతి పరికరమూ మనకు అవసరమనే అనిపిస్తుంది. అదే తాబేలు మళ్లీ మన తీరానికే వస్తుందా అన్నది ప్రశ్న అయితే, ముందరి రెక్కకు వేసే, నెంబరు ఉన్న చిన్న లోహపు బిళ్ల చాలు. 2021లో ఒడిశాలో అలాంటి బిళ్ల వేసిన ఒక తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్ర తీరంలోని గుహాగర్‌లో గుడ్లు పెడుతూ కనిపించింది. ఏ దారిన వెళ్లిందో తెలియాలంటే మాత్రం ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్ కావాలి. ఇక నవంబరు 1 నుంచి మే 31 వరకు చేపల వేట నిషేధం అమలయ్యే 20 కిలోమీటర్ల హద్దు లోపలే తాబేళ్లు ఉంటున్నాయా, దాటి ట్రాలర్లు తిరిగే నీళ్లలోకి పోతున్నాయా అన్నది ప్రశ్న అయితే, మామూలు ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్ కూడా సరిపోకపోవచ్చు.

దానికి కారణం పరికరం పనిచేసే తీరులోనే ఉంది. తాబేలు ఊపిరి కోసం పైకి తేలి, డిప్ప మీది యాంటెన్నా నీటి బయటికి వచ్చినప్పుడే సంకేతం వెళుతుంది. ఆ సమయానికి ఇలాంటి సంకేతాలు అందుకునే ఆర్గోస్ వ్యవస్థ ఉపగ్రహం ఆకాశంలో ఆ వైపున ఉండాలి, ఒకే దాటులో అది కొన్ని సంకేతాలైనా అందుకోవాలి. అన్నీ కుదిరినప్పుడు స్థానంలో తేడా 250 మీటర్ల లోపే ఉంటుంది. కుదరనప్పుడు అది 1,500 మీటర్లు దాటిపోతుంది, కొన్ని స్థానాలకైతే తేడా ఎంతో అంచనా కూడా దొరకదు. వేల కిలోమీటర్ల వలస దారి గీయడానికి ఇది పెద్ద లోటు కాదు కానీ, హద్దుకు ఇవతల ఉందా అవతల ఉందా అని తేల్చడానికి ఇది చాలదు. అలాంటి పనికి క్షణంలో స్థానాన్ని పట్టుకునే ఫాస్ట్‌లాక్ జీపీఎస్ ఉన్న ట్రాన్స్‌మిటర్ అవసరమవుతుంది, అయితే దాని ఖరీదు ఇంకా ఎక్కువ.

పెద్ద గాజు తొట్టెలు ఉన్నంత మాత్రాన ప్రతి అక్వేరియమూ మనకు పనికివస్తుందని కాదు. గాయపడ్డ తాబేళ్లకు వైద్యం చేసి, ట్రాన్స్‌మిటర్ అమర్చి సముద్రంలో వదిలిన అనుభవం ఉన్నదాన్ని ఎంచుకోవాలి. దక్షిణాఫ్రికాలో కేప్ టౌన్‌లోని టూ ఓషన్స్ అక్వేరియం 2017 డిసెంబరులో వదిలిన యోషీ అనే లాగర్‌హెడ్ జాతి సముద్ర తాబేలు సుమారు 37,000 కిలోమీటర్లు ఈది ఆస్ట్రేలియా పశ్చిమ తీరం చేరింది. జపాన్‌లో నగోయా రేవులోని అక్వేరియం తాను పెంచిన లాగర్‌హెడ్ పిల్లలకు ట్రాన్స్‌మిటర్లు అమర్చి పసిఫిక్ మహాసముద్రంలో వదిలింది. వెళ్లడానికి రెండు నెలల ముందే అక్కడి సంరక్షణ విభాగానికి ఉత్తరం రాసి, మన తీరం గురించి, మన ప్రశ్న గురించి ఒక్క పేజీలో చెప్పి, తాబేళ్ల వైద్యశాల చూపించమని, సిబ్బందితో ఒక గంట మాట్లాడనివ్వమని కోరాలి. టికెట్ కొని లోపలికి వెళ్లినంత మాత్రాన ఆ గదుల తలుపులు తెరుచుకోవు.

తొట్టె ముందు మాత్రం ఎంతసేపైనా కూర్చోవచ్చు, అక్కడ చేయాల్సిన పని ఒకటుంది. చేతిలో గడియారం పెట్టుకుని, తాబేలు పైకి తేలిన ప్రతిసారీ ఎన్ని క్షణాలు తేలి ఉందో, ముక్కు మాత్రమే బయటపడిందా, డిప్ప నడినెత్తి కూడా నీటి పైకి వచ్చిందా అని రాసుకోవాలి. తొట్టెలోని నడత సముద్రంలోనూ అలాగే ఉంటుందని చెప్పలేము. అయినా ముక్కు మాత్రమే పైకి తీసి మళ్లీ మునిగిపోయే తాబేలును కళ్లారా చూసినవారికి, యాంటెన్నాను డిప్పలో ఎత్తైన చోటే ఎందుకు నిలబెడతారో, తర్వాత పటంలో ఖాళీలు ఎందుకు కనిపిస్తాయో వేరే చెప్పనక్కరలేదు.

సిబ్బందిని అడగాల్సిన వాటిలో ముఖ్యమైనది అమర్చే విధానం. డిప్ప మీది నత్తగుల్లల్లాంటి బార్నకిల్స్‌ను గీకి తీయడం, గరుకు కాగితంతో రుద్దడం, తుడిచి ఆరబెట్టడం, ఆ తర్వాత ఎపాక్సీ జిగురు పూయడం వరుసగా జరుగుతాయి. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది కనుక ఒకేసారి మందంగా వేయకుండా పొరలు పొరలుగా వేస్తారు. నీళ్లలో ఈదేటప్పుడు అడ్డు తగలకుండా అంచులను నున్నగా ఏటవాలుగా దిద్దుతారు. ఏ పొర ఎంత మందం, ఎంతసేపు ఆగాలి, తాబేలు బెదరకుండా కళ్ల మీద తడి గుడ్డ ఎప్పుడు కప్పాలి అన్నవి చేయి తిరిగినవారి దగ్గర నేర్చుకోవాల్సినవే. వారిది వెలుతురున్న గది, మనది గాలికి ఇసుక ఎగిరే చీకటి గట్టు అని చెప్పి, అక్కడ ఏం మార్చుకోవాలో అడగండి. మరీ ముఖ్యంగా, త్వరగా ఆగిపోయిన ట్రాన్స్‌మిటర్ల గురించి, ఆగిపోవడానికి కారణం బ్యాటరీయా, ఊడిపోవడమా, తాబేలు చనిపోవడమా అన్నది వారు ఎలా నిర్ణయించారో అడగండి. నా దృష్టిలో ప్రయాణ ఖర్చుకు అసలు ఫలితం ఈ ఒక్క జవాబే.

తిరిగి వచ్చేటప్పుడు డిప్ప ముక్క గానీ, ఎండిన గుడ్డు పెంకు గానీ వెంట తేకూడదు, ఎవరైనా ఇచ్చినా తీసుకోకూడదు. సముద్ర తాబేళ్ల వ్యాపారాన్ని అడ్డుకునే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ వాటికీ వర్తిస్తుంది. ట్రాన్స్‌మిటర్‌ను కూడా సామాన్లలో పెట్టుకుని రావద్దు, అది రేడియో పరికరం కనుక దానికి ప్రభుత్వ అనుమతులు ముందే తీసుకోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఆలివ్ రిడ్లే ఉంది కాబట్టి, ఒడిశా ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి లిఖితపూర్వక అనుమతి లేకుండా పరిశోధన కోసమైనా తాబేలును పట్టుకోకూడదు. ఒంటరిగా దరఖాస్తు చేసేకంటే బరంపురం విశ్వవిద్యాలయం సముద్ర శాస్త్ర విభాగం వంటి సంస్థతో కలిసి వెళ్లడం మేలు.

కాగితాల పని నడుస్తుండగానే తీరం గ్రామాల పెద్దలతో మాట్లాడటం మొదలుపెట్టాలి. గంజాం తీరంలో చాలా మత్స్యకార గ్రామాల్లో ఇంటి భాష తెలుగే. వల లాగేది వారే, బిళ్ల వేసిన తాబేలు వలలో పడితే ముందు చూసేదీ వారే. అయితే చచ్చిన తాబేలు గురించి చెబితే కేసు పెడతారన్న భయంతో బిళ్లను సముద్రంలోకి విసిరేసే వీలుంది. అందుకని సమాచారం ఇచ్చినవారిని ఇబ్బంది పెట్టబోమన్న మాటను అటవీ శాఖ రేంజి అధికారి చేత గ్రామ సభలోనే చెప్పించాలి. బిళ్ల దొరికితే ఏ నెంబరుకు ఫోన్ చేయాలో తెలుగులో, ఒడియాలో అచ్చు వేయించి పడవలు నిలిపే చోట్ల అంటించాలి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు పడవలకూ ఆ కాగితాలు చేరాలి, ఎందుకంటే రాష్ట్రాల హద్దు తాబేలుకు తెలియదు, అది ఏ వలలో పడుతుందో మనకూ తెలియదు.