పాఠం 4: సీఆర్‌పీ అంకె పక్కన రోజు రాయండి

పోయిన పాఠంలో మెదడు పొరల కింద చిమ్మిన రక్తం దగ్గర ఆగాం. ఆ రక్తంలో ఎర్రకణాలు చితికి హిమోగ్లోబిన్ బయటికొస్తుంది. నాళాన్ని వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్‌ను అది లాగేసుకుంటుంది, నాళం గోడలో వాపు రేపుతుంది. దాంతో నాళం బిగుసుకుంటుంది. మామూలుగా 3వ రోజు నుంచి 14వ రోజు దాకా ఈ గండం, 7-10 రోజుల మధ్య మరీ ఎక్కువ. కాబట్టి రోజు లెక్క తప్పితే అన్నీ తప్పుతాయి, సీఆర్‌పీ (ఒంట్లో వాపో, ఇన్‌ఫెక్షనో ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్) అంకె చదవడం కూడా.

కోవూరు రైతు ఒకాయనకి ఆదివారం మళ్లో ఉండగా నెత్తిన బండ పడ్డట్టు నొప్పి వచ్చిందనుకోండి. ఎండదెబ్బేమోనని ఇంట్లో పడుకోబెట్టారు. బుధవారం నెల్లూరు తెచ్చారు. షీటు మీద ‘మొదటి రోజు’ అని పడుతుంది. నిజానికి ఆదివారం సున్నా, బుధవారం 3. గండం అప్పటికే మొదలైంది.

‘ఎన్ని రోజులైందమ్మా?’ అని అడగొద్దు. ‘రెండ్రోజుల్నించీ సిస్టరమ్మా’ అంటారు. మన మాటలో రెండ్రోజులంటే నాలుగైనా కావచ్చు. ‘నొప్పి వచ్చేటప్పుడు ఆయన ఏం చేస్తున్నాడు?’ అని అడగండి. పని గుర్తొస్తే వారం గుర్తొస్తుంది.

ఇక సీఆర్‌పీ. వాపు ఉందని చెప్పే ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రోటీన్ కబురు అందితే కాలేయం దీన్ని తయారుచేస్తుంది. 6-8 గంటల్లో పెరగడం మొదలై, సుమారు 48 గంటలకి శిఖరం చేరుతుంది. కారణం ఆగితే దాదాపు 19 గంటలకోసారి సగమవుతుంది. యూనిట్ కూడా చూడండి: డెసిలీటరుకి 4.6 మిల్లీగ్రాములన్నా, లీటరుకి 46 అన్నా ఒకటే. నిన్న ఒక ల్యాబు, ఈరోజు ఇంకో ల్యాబు అయితే ఇక్కడే బోల్తా పడతాం.

5వ రోజుకీ ఎక్కుతూనే ఉంటే? ఊపిరితిత్తుల్లోనో, మూత్రంలోనో, తలలో పెట్టిన గొట్టం దగ్గరో ఇన్‌ఫెక్షన్ ఉందేమో ముందు వెతకాలి. సీఆర్‌పీ పెరిగినవాళ్లలో నాళాలు బిగుసుకోవడం ఎక్కువని చెప్పిన అధ్యయనాలు ఉన్నాయి. అయినా ఈ అంకె ఒక్కటే ఆ రెండిటినీ విడదీయలేదు. మనిషిని చూడాలి. కళ్లు మూయించి, అరచేతులు పైకి పెట్టి రెండు చేతులూ చాపించండి. ఒక అరచెయ్యి మెల్లగా లోపలికి తిరుగుతూ జారితే, రిపోర్టు కోసం ఆగకుండా డాక్టరుగారిని పిలవండి.

అభ్యాసం: 3వ రోజు 18, 4న 46, 5న 92, మూడూ లీటరుకి మిల్లీగ్రాములే. జ్వరం లేదు. పొద్దున భార్యని పేరు పెట్టి పిలిచిన మనిషి మధ్యాహ్నానికి మాట తడుముకుంటున్నాడు. డాక్టరుగారికి ఫోన్లో మొదటి వాక్యం ఏం చెప్తారు? రాసి ఉంచండి, 5వ పాఠం అక్కణ్నుంచే.