హెడ్మాస్టర్ కుర్చీలో సూఫీ లెక్క

హెడ్మాస్టర్ అయిన కొత్తలో నాకు ప్రతిదానికీ కోపమే. సూఫీల ‘ముహాసబా’ అలవాటయ్యాక కొంత తగ్గింది. అంటే రోజు చివర మన లెక్క మనమే చూసుకోవడం. 9వ శతాబ్దపు బాగ్దాద్ సూఫీ అల్ ముహాసిబీకి ఆ పేరు దీనివల్లే వచ్చింది.

చివరి బెల్ కొట్టాక ఫోన్ పక్కన పెట్టి నోటుబుక్కులో మూడు లైన్లు రాయండి. ఈరోజు ఎవరి మాట మధ్యలో తుంచాను? ఎవరి కష్టం నా ఖాతాలో వేసుకున్నాను? రేపు ఎవరికి సారీ చెప్పాలి? మొదటి వారం నా పేజీలో ఒకే టీచరు పేరు నాలుగుసార్లు వచ్చింది. ఆవిడ లేటని అందరి ముందూ అనేవాణ్ణి, ఎందుకని ఒక్కసారీ అడగలేదు. అడిగాక టైంటేబుల్లో మొదటి పీరియడ్ మారిస్తే సరిపోయింది.

నక్ష్‌బందీలనే సూఫీ శాఖవాళ్ల ‘నజర్ బర్ కదమ్’, అంటే చూపు అడుగు మీద, రౌండ్లకు పనికొస్తుంది. క్లాసు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగండి. వెళ్తున్నది తప్పు పట్టడానికా, సాయానికా? మొదటిదైతే వెనక్కి తిరగండి. (నేను చాలాసార్లు తిరిగాను.)

నోటుబుక్కు మాత్రం స్టాఫ్ మీటింగులో చూపించకండి, అది ‘రియా’, అంటే పదిమంది మెప్పుకోసం చేసే భక్తి అవుతుంది. నాది బీరువాలో పాత హాజరు పట్టీల కింద ఉంటుంది.