"ఇంటికి తీసుకెళ్లండి" అన్నాక: పాలియేటివ్ కేర్ ఖర్చులు, డబ్బు దొరికే దారులు

"ఇక ఇంటికి తీసుకెళ్లండి" అని డాక్టర్ అన్న రోజే చాలా ఇళ్లలో బంగారం తాకట్టుకు వెళ్తుంది. ఒక్క వారం ఆగండి. నొప్పి, ఆయాసం, పుళ్లు చూసుకునే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. అది మన దగ్గర చాలావరకు ఉచితంగానే దొరుకుతుంది.

ముందు డిశ్చార్జి సమ్మరీ తీసి చూడండి. జబ్బు ఏ దశలో ఉందో, పాలియేటివ్ కేర్‌కు పంపుతున్నామని అందులో రాయించి, సంతకం, ముద్ర వేయించుకోండి. ఆ మాట లేకపోతే వెళ్లిన ప్రతిచోటా మొదటినుంచి చెప్పుకోవాలి. బయాప్సీ రిపోర్టుతో కలిపి ఐదు సెట్లు జిరాక్సు తీయించండి.

హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది. ఖాజాగూడలోని స్పర్శ్ హాస్పిస్ (చివరి దశ రోగులను చూసుకునే కేంద్రం) రోగి దగ్గర డబ్బు తీసుకోదు. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలు, ఇంటికొచ్చి చూసే ఆలన వాహనాలు ఉన్నాయి. విశాఖ వైపువాళ్లు అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో అడగండి. మనిషి ఇంకా లేచి తిరుగుతుండగానే పేరు రాయించాలి. పూర్తిగా మంచాన పడ్డాక వెళ్తే పడక ఖాళీ ఉండకపోవచ్చు.

తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మాత్ర ఖరీదైన మందేమీ కాదు, దొరకడమే కష్టం. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించాక, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు దీన్ని తెప్పించి ఇవ్వగలుగుతున్నాయి. వీధి చివర మందుల షాపులో మాత్రం ఆశ పెట్టుకోకండి. నాలుగు గంటలకొకటి అని రాస్తే రోజుకు ఆరు, నెలకు 180. ఇంకా ఐదు రోజులకు సరిపడా ఉండగానే మళ్లీ తెచ్చుకోండి. దాంతోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు తప్పకుండా రాయించుకోండి, లేకపోతే మలబద్ధకంతోనే ఆసుపత్రిలో చేరాల్సి వస్తుంది. అర్ధరాత్రి నొప్పి తట్టుకోలేక అంబులెన్సు, ఎమర్జెన్సీ, అక్కణ్ణుంచి ఐసీయూ: దాచుకున్న సొమ్ము ఎక్కువగా కరిగిపోయేది ఈ దారిలోనే.

ఇంటి ఖర్చు ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. డైపర్లు రోజుకు నాలుగైతే నెలకు 120. గాలి పరుపు కొనేముందు, వాడి తిరిగిచ్చే పద్ధతిలో ఇస్తారేమో హాస్పిస్ వాళ్లను అడగండి. పరుపున్నా సరే రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. వీపు మీద పుండు పడితే డ్రెస్సింగ్ ఖర్చు మిగతా అన్నిటినీ దాటేస్తుంది.

ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ విషయంలో అద్దె ఒక్కటే అడిగి తెచ్చుకుంటారు. 350 వాట్ల మిషన్ రోజంతా తిరిగితే 8.4 యూనిట్లు, నెలకు సుమారు 250. తెలంగాణలో ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం 200 యూనిట్ల వరకే, అది దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. అసలు ఆక్సిజన్ అవసరమా అని ముందు డాక్టర్ని అడగండి. రక్తంలో ఆక్సిజన్ తగ్గనప్పుడు, మొహానికి తగిలేలా చిన్న ఫ్యాను, డాక్టర్ చెప్పిన మోతాదులో మార్ఫిన్ చాలామందికి ఆయాసాన్ని తగ్గిస్తాయి.

హెల్త్ పాలసీ ఉందని ధీమాగా ఉండకండి. మినహాయింపుల్లో Excl05 అనే కోడ్ వెతకండి. స్నానం చేయించడం, బట్టలు మార్చడం లాంటి సంరక్షణకు, చివరి దశ రోగుల శారీరక, మానసిక అవసరాలు తీర్చే సేవలకు డబ్బు ఇవ్వబోమని అక్కడే ఉంటుంది. ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్స వేరు, దానికి క్లెయిమ్ పెట్టండి.

ఆరోగ్యశ్రీ తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల వరకు ఇస్తుంది, కానీ ఆసుపత్రి ప్యాకేజీలకే. ఇంట్లో ఆయాకిచ్చే జీతానికి పనికిరాదు. బిల్లులు ఇప్పటికే కట్టేసి ఉంటే ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టండి. అసలు బిల్లులు అడుగుతారు, కాబట్టి అవి ఎవరి చేతికీ ఇచ్చేయకండి. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 పింఛను ఉంది. ఈఎస్ఐ ఉన్న ఉద్యోగికి క్యాన్సర్ వస్తే, అర్హత ఉన్నంతలో జీతంలో 80 శాతం రెండేళ్ల వరకు అందుతుంది. కుటుంబంలో ఎవరికైనా పీఎఫ్ ఉంటే అనారోగ్యం కారణంగా కొంత తీసుకోవచ్చు.

ఇంకొక్క పని, ఇది వాయిదా వేయకండి. రోగి తెలివిగా ఉండి సంతకం చేయగలుగుతుండగానే బ్యాంకు ఖాతాకు, పాలసీకి, పీఎఫ్‌కు నామినీ పేర్లు సరిచూడండి. బ్యాంకులో సంతకానికి బదులు వేలిముద్ర వేయాల్సి వస్తే ఇద్దరు సాక్షులను వెంట తీసుకెళ్లండి.