చచ్చిన సాకెట్‌ను వదిలి, దాని ముందున్నది విప్పండి: కారవాన్‌లో కరెంటు సమస్యలు

గాజువాక ఆటోనగర్‌లో కారవాన్ల వైరింగ్ పని చేస్తుంటాను. షూటింగులకు తిరిగేవి, కుటుంబాలు అరకు, లంబసింగి తీసుకెళ్లేవి, కారుకు తగిలించి లాక్కెళ్లే చిన్న ట్రైలర్లు, అన్నీ వస్తాయి. వచ్చే కంప్లయింట్ మాత్రం చాలావరకు ఒకటే: "టీవీ దగ్గర పాయింట్ పనిచేయట్లేదు, టెస్టర్ పెడితే లైటు వెలుగుతోంది." అప్పటికే ఎవరో ఒకరు సాకెట్ మార్చేసి ఉంటారు. ఒక్కోసారి రెండుసార్లు మార్చి ఉంటారు.

ఏమీ విప్పకముందు

సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి, అందుకే దయచేసి దాటేయకండి. బయటి నుంచి తెచ్చిన కేబుల్ ప్లగ్ పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో చూడండి. లోపల బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడే స్విచ్), ఎంసీబీలు (లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా పడే స్విచ్‌లు) పైకే ఉన్నాయా? కారవాన్‌లో ఈ బోర్డు సీటు కిందో, బట్టల అల్మారా లోపలో ఉంటుంది. బ్యాగులు సర్దేటప్పుడు మీట తగిలి కిందికి దిగడం నేను ఎన్నోసార్లు చూశాను. పిల్లలు ఆడుకుంటూ సాకెట్ పక్కన స్విచ్ ఆపేయడం కూడా.

ఇంకొకటి. బండి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు గీజర్, ఏసీల 16 ఆంపియర్ల పాయింట్లు చాలా బండ్లలో పనిచేయవు. వాటిని కావాలనే ఇన్వర్టర్ లైనులో కలపరు. అది రిపేరు కాదు. బయటి కరెంటు ఇచ్చి చూడండి.

లక్షణం: టెస్టర్ వెలుగుతుంది, వస్తువు నడవదు

దీని గురించే ఇంత రాస్తున్నాను. టెస్టర్ లైటు వెలిగిందంటే ఫేజ్, అంటే కరెంటు తెచ్చే తీగ, వచ్చిందని మాత్రమే అర్థం. కరెంటు వెనక్కి వెళ్లే దారి, అంటే న్యూట్రల్, ఉందో లేదో అది చెప్పదు. న్యూట్రల్ తెగితే ఎంసీబీ పడదు, ఆర్‌సీసీబీ కూడా పడదు. ఎక్కడా ఏ గుర్తూ కనబడదు.

సులువుగా గుర్తుపట్టే పద్ధతి ఒకటి ఉంది. చచ్చిన పాయింట్ పక్కన, అదే లైనులో అలాగే చచ్చి ఉన్న ఇంకో సాకెట్‌లో ఫోన్ ఛార్జరో, టేబుల్ ఫ్యానో పెట్టి స్విచ్ వేయండి. ఇప్పుడు చచ్చిన సాకెట్‌లో రెండు కన్నాల్లోనూ టెస్టర్ వెలిగితే న్యూట్రల్ తెగిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఫేజ్ ఆ వస్తువు గుండా దాటి, తెగిన న్యూట్రల్ తీగలోకి వచ్చి నిలబడింది. అందుకే ఆ న్యూట్రల్ తీగను కూడా ఫేజ్ తీగంత జాగ్రత్తగా చూడాలి. ముట్టుకుంటే షాక్ కొడుతుంది.

మల్టీమీటర్ ఉంటే ఇంకా తేటగా తెలుస్తుంది. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 వోల్టుల దగ్గర చూపించి, ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఏదో అర్థంకాని అంకె చూపిస్తుంది. అయితే తీగ పూర్తిగా తెగకుండా వదులుగా మాత్రమే ఉంటే మీటర్ కూడా మోసం చేస్తుంది. లోడు లేనప్పుడు 230 చూపించి, ఇస్త్రీపెట్టె పెట్టగానే పడిపోతుంది. అందుకే నేను పాతకాలపు 60 వాట్ల ఫిలమెంటు బల్బుకు హోల్డర్, ప్లగ్ బిగించి సంచిలో పెట్టుకుంటాను. ఎల్ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు, పక్క తీగల నుంచి వచ్చే, బలం లేని కొంచెం దొంగ వోల్టేజీకి కూడా మిణుకుమంటుంది. ఆ బల్బును ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య మాత్రం పెట్టకండి. అది పావు ఆంపియర్ పైనే తీసుకుంటుంది, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ వెంటనే పడిపోతుంది. అప్పుడు లేని లీకేజీ కోసం బండంతా వెతుకుతారు.

జబ్బు ఎక్కడ ఉంటుంది

సాకెట్లన్నీ ఒకదాని నుంచి ఇంకొకదానికి లూపు వేసి ఉంటాయి. బోర్డు నుంచి మొదటి సాకెట్, అక్కడి నుంచి రెండోది, అలా చివరిదాకా. మూడోది చచ్చి, రెండోది పనిచేస్తుంటే అందరూ మూడోదే విప్పుతారు. నేను విప్పేది రెండోది. రెండోదానికి వచ్చే న్యూట్రల్ బాగానే ఉంటుంది, మూడోదానికి వెళ్లే న్యూట్రల్ అదే స్క్రూ కింద వదులైపోయి ఉంటుంది. ఒకే స్క్రూ కింద రెండు తీగలు దూర్చి బిగిస్తే ఒకటే గట్టిగా పడుతుంది, ఇంకోటి పక్కన ఇరుక్కుని నిలబడుతుంది. ఇంట్లో అది ఇరవై ఏళ్లు నడవచ్చు. ఘాట్ రోడ్డులో గంటలకొద్దీ కుదుపులు తినే బండిలో నడవదు. దానికి తోడు మన ఉప్పుగాలి. రుషికొండ, భీమిలి తీరంలో తరచూ నిలిపే బండిలో రాగి పోగుల మీద పచ్చటి చిలుము పట్టి ఉండటం మామూలే.

అసలు చిక్కేమిటంటే, ఆ రెండో సాకెట్ కంటికి కనిపించదు. అది ఉందని కూడా చాలామంది ఓనర్లకు తెలియదు.

కొన్నేళ్ల కిందట అరకు నుంచి దిగిన ఒక టూరు బండిలో మంచం పక్క పాయింట్లు రెండూ పోయాయి. కనిపించే సాకెట్లన్నీ విప్పి చూశాను, అన్నీ బాగున్నాయి. చివరికి ఇన్వర్టర్ మీద అనుమానపడి దాన్ని మార్పించాను. మూడు రోజులకు బండి మళ్లీ వచ్చింది. అప్పుడు ఫ్రిజ్ బయటికి లాగాను. వెనక ప్లైవుడ్‌కు కొట్టిన 6 ఆంపియర్ల సాకెట్ ఒకటి ఉంది. ఫ్రిజ్ చక్కగా నడుస్తూనే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. విప్పితే న్యూట్రల్ వైపు ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. కాలిన వాసన ప్లైవుడ్‌కు కూడా పట్టింది. ఇంకో రెండు ట్రిప్పులు తిరిగి ఉంటే ఆ చెక్క అంటుకునేది, అదే గోడకు అవతల పిల్లలు పడుకుంటారు. ఓనర్‌కు ఇన్వర్టర్ డబ్బు వృథా చేయించానన్న బాధ ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి ఫ్రిజ్ వెనక చూడకుండా ఏ పార్టూ మార్చను.

దాగిన సాకెట్‌ను చేరడం

బండిలో నిలబడి ఒక లెక్క వేయండి. ప్లగ్ కనిపించని ప్రతి వస్తువు వెనక ఒక సాకెట్ ఉంటుంది. ఫ్రిజ్, మైక్రోవేవ్, టీవీ, సింకు కింద నీళ్ల మోటారు అడాప్టరు. బోర్డు నుంచి చచ్చిన పాయింట్ వరకు ఆ వైపు గోడ వెంట ఇవి ఏ వరసలో ఉన్నాయో కాగితం మీద గీసుకోండి. చచ్చినదానికి సరిగ్గా ముందున్నదే మొదట విప్పాల్సింది.

చేయి పెట్టేముందు బయటి ప్లగ్ పీకితే సరిపోదు. ప్లగ్ పీకిన క్షణంలోనే ఇన్వర్టర్ అందుకుంటుంది, సాకెట్‌లో 230 వోల్టులు అలాగే ఉంటాయి. ఇన్వర్టర్‌ను దాని స్విచ్ దగ్గరే ఆపి, ఎంసీబీలు దించి, పనిచేస్తున్న సాకెట్‌లో బల్బు పెట్టి ఆరిందని చూసుకున్నాకే స్క్రూడ్రైవర్ తీయండి. ఈ ఒక్క విషయంలో తొందర వద్దు.

ఫ్రిజ్‌ను ముందు అంచున తలుపు లోపలి వైపు స్క్రూలతో బిగిస్తారు, వాటి మీద చిన్న ప్లాస్టిక్ మూతలు ఉంటాయి. తలుపుకు టేపు వేసి, కింద పాత దుప్పటి మడత పెట్టి మెల్లగా లాగండి. గ్యాసుతో నడిచే ఫ్రిజ్ అయితే లాగకండి, పైపు ఉంటుంది, ఆ పని తెలిసిన మనిషిని పిలవండి. సొరుగు వెనక సాకెట్ ఉంటే సొరుగును పూర్తిగా బయటికి లాగి, రెండు పక్కల ఛానళ్లలో ఉన్న నల్లటి మీటలను ఒకేసారి నొక్కాలి. సాధారణంగా ఒకటి పైకి, ఇంకోటి కిందికి. రెండూ కలిసి కదిలితేనే సొరుగు ఊడుతుంది, బలవంతం చేస్తే బాల్‌బేరింగులు రాలిపోతాయి. ఏ దారీ లేకపోతే సొరుగు వెనక పలక కోయొచ్చు, కానీ ముందు లోపలికి ఫోన్ కెమెరా పెట్టి తీగ ఎటు పోతోందో చూశాకే.

రిపేరు

స్క్రూ బిగించి వదిలేస్తే మళ్లీ రెండు నెలల్లో వస్తారు. తీగ కొసను మెరిసే రాగి కనబడేదాకా కత్తిరించండి. చిలుము లోపలికి కూడా పాకి ఉంటుంది, కాబట్టి అంగుళం పోయినా ఫర్వాలేదు. వచ్చే న్యూట్రల్, వెళ్లే న్యూట్రల్, అరచేయంత చిన్న ముక్క తీగ, ఈ మూడింటినీ మీట నొక్కే మూడు కన్నాల కనెక్టర్‌లో కలపండి. ఆ చిన్న ముక్క ఒక్కటే సాకెట్‌కు వెళ్తుంది. ఇక ఆ సాకెట్ పాడైనా తర్వాతి వాటికి న్యూట్రల్ ఆగదు. పోగుల తీగ స్క్రూ కిందికి వెళ్లే చోట కొసకు రాగి తొడుగు నొక్కండి, లేకపోతే సగం పోగులు బయటే ఉండిపోతాయి. ఫేజ్, ఎర్త్ కూడా ఇలాగే చేయండి. ప్రతి తీగనూ చేత్తో లాగి చూడండి. డబ్బాకు దగ్గరలో తీగను క్లిప్పుతో చెక్కకు కట్టండి, కుదుపు క్లిప్పు మీద పడాలి, స్క్రూ మీద కాదు. గోధుమరంగు తిరిగిన సాకెట్‌ను మళ్లీ వాడకండి.

అన్నీ మూసేముందు చివరి సాకెట్‌లో 750 వాట్ల ఇస్త్రీపెట్టె పది నిమిషాలు వేసి ఉంచి, ముందులాగే కరెంటు మొత్తం ఆపాక, ఇప్పుడు కట్టిన చోట చేయి పెట్టి చూడండి. వేడి తగలకూడదు. ఆర్‌సీసీబీ మీద టెస్టు బటన్ కూడా నొక్కండి, పడాలి.

అరుదుగా వచ్చేవి

ఎలుక కొరికితే దాని పెంటికలే చెబుతాయి. వడ్రంగి స్క్రూ తీగలో దిగితే కొత్తగా అల్మారా చేయించిన తర్వాతే మొదలవుతుంది. పైకప్పు నీళ్లు దిగితే వానలో ఆర్‌సీసీబీ పడుతుంది. చిన్న జనరేటర్ మీద రెండు కన్నాల్లో టెస్టర్ మసగ్గా వెలగడం చాలాసార్లు తప్పు కాదు. బల్బు పెట్టి చూడండి.

పని అయ్యాక, బోర్డు ఉన్న అల్మారా తలుపు లోపల మార్కర్‌తో వరస రాసిపెట్టండి: బోర్డు, ఫ్రిజ్ వెనక, సొరుగు వెనక, మంచం ఎడమ, మంచం కుడి. అరకులో రాత్రి తొమ్మిదింటికి పాయింట్ పోతే, మీరు పిలిచే అక్కడి ఎలక్ట్రీషియన్ ఏ తలుపు తీయాలో దాన్ని చూసి తెలుసుకుంటాడు.