మలబద్ధకం: నా పొట్ట దారికొచ్చిన తీరు

మూడేళ్లపాటు వారానికి రెండుసార్లకు మించి విరేచనం అయ్యేది కాదు. కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ ఆఫీసుకు ఏడింటికే బయలుదేరే హడావిడిలో, వచ్చినా ఆపుకునేదాన్ని. అసలు తప్పు అక్కడే మొదలైంది.

ఖరీదైన ప్రోబయోటిక్ (మేలుచేసే బ్యాక్టీరియా ఉన్న) గోళీలు నెలరోజులు మింగాను. తేడా లేదు. వైద్యురాలు థైరాయిడ్ పరీక్ష చేయించి, నేను వాడుతున్న ఐరన్ మాత్ర మార్చారు. “పెద్దపేగులోని బ్యాక్టీరియాకు మేత పీచు పదార్థమే. మేత లేని చోటికి కొత్త మందను తోలితే ఏం లాభమమ్మా?” అన్నారు. ఆ మాట నాటుకుపోయింది. బిఫిడోబ్యాక్టీరియం లాక్టిస్ వంటి కొన్ని రకాలు కొందరికి కొంత మేలు చేస్తాయి కానీ, అన్ని గోళీలూ ఒకటి కావట. మల మార్పిడి, అంటే ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాను రోగి పేగులోకి ఎక్కించడం గురించీ అడిగాను. అమెరికాలో 2022లో అలాంటి మందుకు అనుమతి వచ్చింది సి.డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల పేగుకు వచ్చే ఇన్ఫెక్షన్ తిరగబెట్టకుండా ఉండటానికే, మలబద్ధకానికి కాదు.

రాత్రిపూట చెంచాడు ఇసబ్గోల్ గ్లాసు నీళ్లలో కలిపి, చిక్కబడకముందే తాగి, ఆపైన మరో గ్లాసు నీళ్లు తాగాను. నీళ్లు తగ్గిస్తే మరింత బిగుస్తుంది, జాగ్రత్త! మొదటి వారం పొట్ట ఉబ్బితే అరచెంచాకు తగ్గించి మెల్లగా పెంచాను. రోజూ రైతుబజారు జామకాయ ఒకటి, గింజలతో సహా. కమోడ్ మీద కూర్చున్నప్పుడు పాదాల కింద చిన్న పీట. ఆరో వారానికి రోజు విడిచి రోజు సాఫీగా అవుతోంది. మలంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఇవేవీ ప్రయత్నించకండి, వెంటనే డాక్టరును కలవండి.