తిరుపతి మిద్దె మీద సుక్కోత్ పందిరి

తిరుపతిలో నేను పెళ్ళి పందిళ్ళు వేస్తాను. ఉద్యోగం మీద ముంబై నుంచి వచ్చి మా వీధిలో ఉంటున్న బెనె ఇజ్రాయెల్ యూదు కుటుంబానికి సుక్కోత్ పందిరి కూడా నేనే వేస్తాను. తెలుగు బైబిల్లో పర్ణశాలల పండుగ అన్నది ఇదే. ఐగుప్తు వదిలి ఎడారిలో తిరిగిన పెద్దల్ని తలచుకుంటూ ఆ పందిట్లోనే భోంచేస్తారు. ఈ పని మీకు వస్తే మన అలవాట్లు కొన్ని పక్కన పెట్టాలి.

పైన చెట్టు కొమ్మ గానీ షెడ్డు గానీ లేని చోటు చూడండి. గోడలు దేనితోనైనా కట్టొచ్చు. గుడ్డ అయితే గాలికి ఎగరకుండా కింద కూడా బిగించాలి. మనం కప్పు వేశాక పక్కలకు గుడ్డ కడతాం కదా, ఇక్కడ గోడలు నిలిచాకే కప్పు.

ఈ పండుగకు ప్రాణం ఆ కప్పే. నేలలో పెరిగి, కోసినదై ఉండాలి. ఫలానా చెట్టుదే కావాలని లేదు, అందుకే వాళ్ళు ఏ దేశం పోయినా అక్కడి ఆకే నీడ అవుతుంది. మనకు టెంకాయ మట్టలున్నాయి, వెదురుంది. రేకు, పడుకునే చాప పనికిరావు. పెరట్లో సొరపాదు పందిరి ఉందని సంబరపడొద్దు, వేరు మీదున్న తీగ చెల్లదు. అల్లిన మట్టలు నేను వాడను, వాన చుక్క కూడా దిగదు, అంత మూసుకున్న కప్పు ఈ పండుగకు కుదరదు. పచ్చి మట్టలే సర్వి కట్టెల మీద పరిచి, ఎండ కన్నా నీడ ఎక్కువగా, రాత్రి చుక్కలు కనబడేలా సర్దండి. రెండు రోజుల్లో ఆకు ముడుచుకుంటుంది కాబట్టి మొదట కాస్త ఒత్తుగా వెయ్యండి.

అసలు టెన్షన్ వానది. పండుగ భాద్రపద పున్నమికో ఆశ్వయుజ పున్నమికో మొదలవుతుంది. ఇజ్రాయెల్లో అప్పుడు ఎండలు ముగిసే కాలం, పండుగ చివర వాన కోసం ప్రార్థిస్తారు. అదే ప్రార్థన ఇక్కడ చేసేసరికి మనకు ఈశాన్య మేఘాలు దిగుతుంటాయి. తినే జావ పాడయ్యేంత వాన పడితే ఇంట్లోకి పోవచ్చని వాళ్ళ ధర్మశాస్త్రమే చెబుతుంది. టార్పాలిన్ పక్కన చుట్టి ఉంచండి, భోజనానికి కూర్చునేటప్పుడు మాత్రం పైన ఉండకూడదు.

పండుగ ప్రార్థనలో చేత పట్టే పండు వాళ్ళే తెచ్చుకుంటారు. మన మాదీఫలం ఆ జాతిదే అయినా, అంటుకట్టని చెట్టుదని తెలిస్తేనే తీసుకుంటారు.

బాడుగ ముందే మాట్లాడుకోండి. ఇజ్రాయెల్లో చివరి పర్వదినంతో కలిపి 8 రోజులైతే, బయటి దేశాల్లో 9. వాళ్ళ నెల మొదలైందని చెప్పే నెలవంక కనబడిన కబురు పూర్వం దూరాలకు ఆలస్యంగా చేరేది, ఆ అదనపు రోజు అలా మిగిలింది. మొదటి రెండు రోజులూ, శనివారం కూడా, పని చెయ్యకూడని రోజులు కాబట్టి కట్టు ఊడినా వాళ్ళు బిగించరు. ముడులు గట్టిగా వెయ్యండి.